మనిషి వెంట నడచు అమరికలు

ఒక ఉపాధ్యాయుడు ఒక పాఠశాలనుండి మరియొక పాఠశాలకు బదిలీ అయినప్పుడు ఆయన సర్వీసు రిజిస్టరు కూడ క్రొత్త పాఠశాలకు చేరును. నియామకపు తేదీ, జీతము, సెలవుల లెక్క అన్నియు అందులో వ్రాసియుండును. రిజిస్టరు ఒక్కటే, అది ఎప్పుడును ఒక్క చోటనే ఉండును. ఆ ఉపాధ్యాయుడు వారములో మూడు దినములు ఒక ఊరిలోను, మూడు దినములు మరియొక ఊరిలోను పనిచేయవలసివచ్చి, రెండు చోట్లను రెండు రిజిస్టరులు ఉంచినారనుకొందము. ఏడాది తిరుగునప్పటికి రెంటిలోని సెలవుల లెక్కలు కలియవు. ఏది సరియైనదో తేల్చుట తలకు మించిన పని యగును.

సరిగా ఇట్టి చిక్కే కంప్యూటరుల ప్రపంచములో పుట్టినది. నేడు అనేక కార్యాలయములలో ఉద్యోగి బల్లమీద నుండునది తెర, కీబోర్డు, ఒక చిన్న యంత్రము మాత్రమే. అసలు పని దూరమున నున్న పెద్ద కంప్యూటరులలో జరుగును. వీటిని సర్వరులందురు, దూరమునుండి వీటిని వాడుకొను పద్ధతికి రిమోట్ డెస్క్‌టాప్ అని పేరు. సర్వరులు నాలుగైదు ఉన్నప్పుడు, ఉదయము పనికి వచ్చిన ఉద్యోగిని ఏ సర్వరుమీద బరువు తక్కువగా నున్నదో దానికి చేర్చుదురు. నిన్న మూడవ సర్వరు, నేడు ఐదవది. ఉద్యోగికి ఈ సంగతి తెలియనే తెలియదు.

కాని ఈ-మెయిలు ప్రోగ్రామునకు తెలియవలసినవి చాల ఉన్నవి. ఆ ఉద్యోగి చిరునామా ఏది? అతని ఉత్తరముల పెట్టె ఏ సర్వరులో నున్నది? ఉత్తరము చివర చేర్చవలసిన సంతకమేది? ఏ ఉత్తరములు ఏ అరలోనికి పోవలెను? వీటినే అమరికలందురు. ఇవి మూడవ సర్వరులో మాత్రమే వ్రాసియున్నచో, ఐదవ సర్వరు ఆ ఉద్యోగిని ఎన్నడు నెరుగని అతిథివలె చూచును. అమరిక సగము పాతది, సగము క్రొత్తది అయినచో మరింత ప్రమాదము. పాత హోదాతో ఉత్తరము వెళ్లవచ్చును. ఒక శాఖ తరఫున పోవలసిన జవాబు వ్యక్తి పేరిట పోవచ్చును. మూడవ సర్వరు చెడి దానిని తిరిగి కట్టినప్పుడు, అందులో మాత్రమే నిలిచిన ఉత్తరములు తిరిగి రావు.

మనిషికి సంబంధించిన వివరములు యంత్రములో నుండవలెనా, మనిషి వెంట నడువవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో అరువది సంవత్సరములకు పైగా గడచినవి.

ఒకే యంత్రము, అనేకులు

1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎమ్.ఐ.టి.లో, ఫెర్నాండో కొర్బాటోయు, ఆయన సహచరులును ఒక క్రొత్త పద్ధతిని ప్రదర్శించిరి. ఒకే పెద్ద కంప్యూటరునకు అనేక టెర్మినలులను తగిలించి, కంప్యూటరు కాలమును చిన్న చిన్న తునకలుగా చేసి, వంతులవారీగా ఒక్కొక్కరికి పంచిరి. తునకలు మిక్కిలి చిన్నవి కనుక ప్రతివానికి యంత్రమంతయు తనదే అన్నట్లు తోచును. దీనినే కాలవిభజన పద్ధతి యందురు. వారు నిర్మించిన ఏర్పాటు పేరు సి.టి.ఎస్.ఎస్.

ఈ పద్ధతిలో ప్రతి వినియోగదారునకు ఒక పేరు, ఒక రహస్యపదము, తన ఫైలులు దాచుకొనుటకు ఒక అర ఉండెను. 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనువారు ఇందులో ఒకరి కొకరు సందేశము పంపుకొను ఆజ్ఞను చేర్చిరి. పంపిన సందేశము ఎదుటివారి అరలోని ఒక ఫైలు చివరకు పోయి చేరును. ఉత్తరము ఏ దారిని పోవలెనను ప్రశ్నయే అప్పుడు లేదు. వ్రాయువాడు, చదువువాడు, ఉత్తరముల పెట్టె, అమరికలు అన్నియు ఒకే యంత్రములో నుండెను. ఎవరు ఏ టెర్మినలు ముందు కూర్చున్నను చేరునది ఆ యంత్రమునకే.

ఒక్క యంత్రమున్నంత కాలము చిక్కు లేదనుకొనుట సహజము. కాని అక్కడనే ఒక హెచ్చరిక వినవచ్చినది.

ఒక శుక్రవారపు సాయంకాలము

1960 దశకములో ఒక శుక్రవారము సాయంకాలము సి.టి.ఎస్.ఎస్. వినియోగదారులకు ఒక వింత ఎదురయ్యెను. పని ప్రారంభించునప్పుడు టెర్మినలుమీద ఆనాటి ప్రకటన అచ్చగుట వాడుక. ఆ సాయంకాలము దాని బదులు వినియోగదారులందరి రహస్యపదముల పట్టిక అచ్చు కాసాగెను! యంత్రమును వెంటనే నిలిపివేయవలసి వచ్చెను. అందరి రహస్యపదములను మార్చవలసి వచ్చెను. కొర్బాటో 1990వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము పొందిన సందర్భమున చేసిన ఉపన్యాసములో ఈ కథను స్వయముగా చెప్పెను.

కారణము చాల చిన్నది. ఫైలులను దిద్దు ప్రోగ్రాము, పని జరుగుచున్నంతసేపు ఒక తాత్కాలిక ఫైలును వాడుకొనును. ఆ ఫైలునకు ఎల్లప్పుడు ఒకే పేరు. ఒక అరలో ఒక సమయమున ఒక్కడే పనిచేయునని ప్రోగ్రాము వ్రాసినవారు తలంచిరి. తరువాత యంత్రమును నడపు సిబ్బందికి సౌకర్యముగా నుండునని, వారి అరలో ఒకేసారి పలువురు పనిచేయుటకు అనుమతి నిచ్చిరి. పాత ఊహ సంగతి ఎవరికిని గుర్తు రాలేదు. ఆ సాయంకాలము ఒకరు ఆనాటి ప్రకటనను, మరియొకరు రహస్యపదముల పట్టికను ఒకే అరలో దిద్దుచుండిరి. ఇద్దరి తాత్కాలిక ఫైలులకు పేరు ఒక్కటే కనుక ఒకటి స్థానములోనికి మరియొకటి వచ్చెను.

ఒక వివరమును ఒక సమయమున ఒక్క చోటనే దిద్దుదురను ఊహ, కాలము గడచిన కొలది అబద్ధమగును. తరువాతి చరిత్రలో ఈ పాఠము మరల మరల ఎదురగును.

యంత్రములు అనేకమైనప్పుడు

1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్ అను వలయము ద్వారా ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు ఉత్తరము పంపెను. ఆ రెండు యంత్రములు ఒకే గదిలో ప్రక్కప్రక్కనే ఉండెను గాని వాటి నడుమ సందేశము పోయినది వలయము గుండనే. మనిషి పేరును యంత్రము పేరునుండి వేరు చేయుటకు ఆయన ఎన్నుకొన్న "ఎట్" గుర్తు నేటికిని ప్రతి చిరునామాలో నున్నది. ఆ గుర్తు ఒక సంగతిని స్పష్టము చేసెను: మనిషి వేరు, అతని పెట్టె ఉన్న యంత్రము వేరు.

1980 దశకము వచ్చునప్పటికి విశ్వవిద్యాలయములలో చిన్న కంప్యూటరులు వందల కొలది చేరెను. ఒక విద్యార్థి ఉదయము గ్రంథాలయములోని యంత్రము ముందు, సాయంకాలము వసతిగృహము దగ్గరి యంత్రము ముందు కూర్చుండును. రెంటను అతని ఫైలులు, ఉత్తరములు ఒకే విధముగా కనబడవలెను. ఈ లక్ష్యముతో 1983లో ఎమ్.ఐ.టి.లో ఎథీనా అను పథకమును ప్రారంభించిరి. డిజిటల్, ఐ.బి.ఎమ్. కంపెనీలు ఇందుకు తోడ్పడినవి. పథకము 1991 వరకు నడిచెను. దీనికి ఒక ఏడాది ముందు, 1982లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కూడ ఐ.బి.ఎమ్. సాయముతో ఆండ్రూ అను పథకమును మొదలుపెట్టియుండెను.

ఎథీనావారి ఆలోచన సూటియైనది. ప్రజలు వాడు యంత్రములో ఎవరి సొంత వివరమును ఉంచరాదు. వినియోగదారుడు తన పేరు చెప్పగానే మూడు పనులు జరుగవలెను. మొదటిది, అతడు నిజముగా అతడేనని తేల్చుట. దీనికై స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ మొదలగువారు కెర్బరాస్ అను ఏర్పాటును నిర్మించిరి. ఇందులో రహస్యపదము వలయముమీద ప్రయాణము చేయదు. దానికి బదులు కొంత కాలము మాత్రమే చెల్లు ఒక టిక్కెట్టు ప్రయాణము చేయును. రెండవది, అతని సొంత అర ఏ సర్వరులో నున్నదో, అతని ఉత్తరముల పెట్టె ఏ సర్వరులో నున్నదో చెప్పుట. ఈ పనికి నిర్మించిన సేవకు ప్రాచీన గ్రీకు కవి హెసియొడ్ పేరు పెట్టిరి. మూడవది, ఆ అరను తెచ్చి ఎదుటి యంత్రమునకు తగిలించుట. యూనిక్స్ యంత్రములలో ప్రోగ్రాముల అమరికలు ఆ సొంత అరలోనే చిన్న చిన్న ఫైలులుగా ఉండును. అర ఒక్కటే కనుక, ఏ యంత్రము ముందు కూర్చున్నను అమరికలు ఒక్కటే.

ఇది రిజిస్టరును మనిషి వెంట పంపుట కాదు. రిజిస్టరును జిల్లా కార్యాలయములోనే ఉంచి, ప్రతి పాఠశాలనుండి దానినే చూచునట్లు కిటికీ తెరచుట.

ఉత్తరము ఎక్కడ నిలువవలెను?

ఉత్తరముల విషయములో వేరొక వాదము నడచుచుండెను. 1984లో వెలువడిన పాప్ అను నియమావళి ప్రకారము ఈ-మెయిలు ప్రోగ్రాము సర్వరు వద్దకు పోయి, పెట్టెలోని ఉత్తరములను తన యంత్రములోనికి తెచ్చుకొనును. ఒక్క యంత్రమునే వాడువానికి ఇది చక్కని ఏర్పాటు. రెండు యంత్రములు వాడువానికి సగము ఉత్తరములు ఒకదానిలోను, సగము రెండవదానిలోను చేరును.

1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మార్క్ క్రిస్పిన్ దీనికి ఎదురు దారి నెంచుకొనెను. ఆయన రూపొందించిన ఐమ్యాప్ నియమావళిలో ఉత్తరము సర్వరులోనే నిలుచును. చదివినది, చదువనిది, జవాబిచ్చినది అను గుర్తులు కూడ అక్కడనే నిలుచును. ఎన్ని యంత్రములనుండి చూచినను పెట్టె ఒకే స్థితిలో కనబడును.

ఉత్తరముల చిక్కు తీరెను గాని అమరికల చిక్కు తీరలేదు. చిరునామాల పుస్తకము, సంతకము, ప్రోగ్రాము ఇష్టములు ఇంకను ఆయా యంత్రములలోనే మిగిలెను. వీటిని కూడ సర్వరులో నుంచుటకు కార్నెగీ మెలన్‌లో ఒక ప్రయత్నము జరిగెను. ఆ అనుభవముతో క్రిస్ న్యూమన్, జాన్ మయర్స్ అనువారు 1997 నవంబరులో ఏక్యాప్ అను నియమావళిని ప్రచురించిరి. ఏ ప్రోగ్రామైనను తన అమరికలను ఒక సర్వరులో దాచుకొని, ఏ యంత్రమునుండియైనను తిరిగి పొందుటకు అది దారి చూపెను. కాని అది వ్యాప్తిలోనికి రాలేదు. నియమము ఎంత చక్కనిదైనను, ప్రోగ్రాములు వ్రాయువారు దానిని స్వీకరించినప్పుడే అది బ్రతుకును.

చివర వ్రాసినవానిదే గెలుపు

కార్యాలయములలో చరిత్ర మరియొక దారి పట్టెను. 1990 దశకపు తొలిభాగములో విండోస్ వాడు యంత్రములలో ఒక్కొక్క ప్రోగ్రాము తన అమరికలను ఒక చిన్న ఫైలులో వ్రాసి యంత్రములోనే దాచుచుండెను. ఒక యంత్రమునకు ఒక్క మనిషి అను ఊహమీద ఈ ఏర్పాటు నిలిచియుండెను.

ఐ.బి.ఎమ్.లో పనిచేసి బయటకు వచ్చిన ఎడ్ ఇయాకొబుచ్చి 1989లో సిట్రిక్స్ కంపెనీని స్థాపించెను. ఒక విండోస్ యంత్రమును పలువురు దూరమునుండి ఒకేసారి వాడుకొనునట్లు చేయుట ఆ కంపెనీ ధ్యేయము. 1995లో వారి విన్‌ఫ్రేమ్ వెలువడెను. 1998లో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్ ఎన్‌టీ 4.0కు టెర్మినల్ సర్వర్ అను రూపమును విడుదల చేసెను. 1961 నాటి కాలవిభజన పద్ధతి రంగుల తెరతో తిరిగి వచ్చినట్లయ్యెను. పాత ఊహయు వెంటనే దెబ్బతినెను. ఇరువదిమంది ఒకే యంత్రములో నున్నప్పుడు అమరికల ఫైలు ఒక్కటే అయినచో, ఒకరు మార్చినది అందరికి మారును. అందుచేత ప్రోగ్రామును స్థాపించునప్పుడు అది వ్రాయు అమరికలను గమనించి, వాటి ప్రతిని ప్రతి వినియోగదారునకు వేరుగా ఇచ్చు ఏర్పాటును టెర్మినల్ సర్వరులో చేర్చిరి.

ఒక సర్వరు చాలనప్పుడు రెండవది, మూడవది చేర్చిరి. అప్పుడు సంచార ప్రొఫైలు అను పద్ధతిని వాడిరి. వినియోగదారుని అమరికలన్నియు ప్రొఫైలు అను ఒక కట్టగా ఒక ఫైలు సర్వరులో ఉండును. ఉదయము అతడు పని ప్రారంభించగానే ఆ కట్టకు ఒక ప్రతి అతడు చేరిన సర్వరులోనికి వచ్చును. పని ముగించి సెలవు తీసికొనగానే మారిన ప్రతి తిరిగి పోవును. సర్వీసు రిజిస్టరు బదిలీ పద్ధతియే ఇది.

మనిషి ఒక సమయమున ఒక్క సర్వరులోనే ఉన్నచో ఈ పద్ధతి చక్కగా పనిచేయును. కాని ఒక ఉద్యోగి లెక్కల ప్రోగ్రామును ఒక సర్వరునుండి, ఈ-మెయిలును మరియొక సర్వరునుండి ఒకేసారి వాడుట సామాన్యము. అతడు తొమ్మిది గంటలకు మొదటి సర్వరులో చేరెననుకొందము. పది గంటలకు రెండవ సర్వరులోను చేరెను. రెండు చోట్లకు రెండు ప్రతులు వచ్చెను. పదునొకండు గంటలకు రెండవ సర్వరులో క్రొత్త సంతకమును సిద్ధము చేసి, దానినే వాడవలెనని ఈ-మెయిలు ప్రోగ్రామునకు చెప్పెను. పండ్రెండు గంటలకు అక్కడ సెలవు తీసికొనెను. మారిన ప్రతి ఫైలు సర్వరునకు చేరెను. సాయంకాలము అయిదింటికి మొదటి సర్వరునుండి సెలవు తీసికొనెను. అక్కడి ప్రతిలో ఉదయపు తొమ్మిది గంటల అమరికలే ఉన్నవి. అది పోయి మధ్యాహ్నము చేరిన దానిమీద కూర్చుండెను.

విండోస్‌లో వినియోగదారుని అమరికలలో అధిక భాగము రిజిస్ట్రీ అను పట్టికలో నుండును. అవుట్‌లుక్ ప్రోగ్రాము తన ఖాతాల వివరములను అందులోనే వ్రాయును. ఒక వినియోగదారునకు చెందిన రిజిస్ట్రీ భాగమంతయు ఒక్క ఫైలు కనుక, అది మొత్తముగా వచ్చును, మొత్తముగా పోవును. అందులో ఒక పంక్తిని మాత్రము కలుపుట కుదరదు. సంతకపు పాఠము వేరు ఫైలు కనుక అది మిగులవచ్చును. దానిని వాడవలెనను అమరిక మాత్రము పోవును. మరునాడు ఉద్యోగి తాను చేసిన మార్పు ఏమైనదని వెదకుకొనును. తప్పు అతనిది కాదు. చివర వ్రాసినవానిదే గెలుపు అను నియమమునకు అతడు బలియైనాడు. ఎమ్.ఐ.టి.లోని ఆ శుక్రవారపు సాయంకాలమున జరిగినది ఇదే తెగలోనిది.

కట్టనుండి పెట్టెకు

దీనికి పలు విరుగుడులు వెదకిరి. కొందరు మార్చుటకు వీలులేని ప్రొఫైలును అందరికి ఒక్కటే ఇచ్చిరి. దానివలన కలత లేదు; కాని ఎవరికిని తమదనునది ఉండదు. 2000లో వచ్చిన విండోస్ 2000లో, పత్రములవంటి పెద్ద అరలను కట్టలో మోయక ఫైలు సర్వరులోనే ఉంచి అక్కడనుండియే వాడు ఏర్పాటు బలపడెను. కట్ట తేలికయై, ఉదయము పని ప్రారంభించుటకు పట్టు కాలము తగ్గెను.

2012లో విండోస్ సర్వర్ 2012తో వేరొక ఆలోచన వచ్చెను. ప్రొఫైలు నంతటిని ఒక కల్పిత డిస్కులో, అనగా ఒక పెద్ద ఫైలులో ఉంచుదురు. వినియోగదారుడు ఏ సర్వరులో చేరినను ఆ డిస్కును అక్కడ తగిలించుదురు; పోవునప్పుడు విప్పుదురు. ప్రతి తీయుట, తిరిగి పంపుట అను పని లేదు. వ్రాసిన ప్రతి అక్షరము వెంటనే అసలు చోటుననే పడును. ఇట్టి పద్ధతినే అభివృద్ధి చేసిన ఎఫ్.ఎస్.లాజిక్స్ అను కంపెనీని మైక్రోసాఫ్ట్ 2018లో కొనెను. అవుట్‌లుక్ వేగముకొరకు ఉత్తరముల నకలు నొకదానిని దగ్గర ఉంచుకొనును. అది చాల పెద్దది కావచ్చును. దానిని ప్రతి ఉదయము మోయుట అసాధ్యము. డిస్కులో నుంచి తగిలించుట సులభము.

ఈ సౌకర్యమునకును వెల కలదు. డిస్కు నొకచోట వ్రాయుటకు తగిలించియున్నప్పుడు మరియొక చోట అట్లే తగిలించుట సాధారణముగా కుదరదు. ఒక్క రిజిస్టరు, ఒక్క కలము అను పాత నియమమునకే ఇది తిరిగి వచ్చుట. డిస్కులన్నియు నిలిచిన ఫైలు సర్వరు చెడినచో అందరి పనియు ఒకేసారి నిలుచును.

మరియొక దారి ఇంకను సులభమైనది: అమరికను మోయుటకు బదులు, అవసరమైనప్పుడు తిరిగి కట్టుకొనుట. 2007 నాటి ఎక్స్చేంజి సర్వరు, అవుట్‌లుక్‌లలో వచ్చిన ఏర్పాటు ప్రకారము, ప్రోగ్రామునకు మనిషి చిరునామా తెలిసినచో చాలును. అతని పెట్టె ఎక్కడ నున్నదో అది సర్వరునే అడిగి తెలిసికొనును. సుమారు ఇరువది సంవత్సరములకు పూర్వము హెసియొడ్ చేసిన పని ఇదే. ఇటీవలి సంవత్సరములలో సంతకమును కూడ యంత్రములో గాక ఉత్తరముల పెట్టెతోపాటే ఉంచు వాడుక వచ్చినది. ఏక్యాప్ నిర్మాతల ఆశ వేరు రూపములో కొంతవరకు నెరవేరినదనవచ్చును.

ఎవరిది ఎవరికి?

ఈ కథనంతటిని పరిశీలించినచో అమరికలన్నియు ఒకే జాతివి కావని తేలును. సంతకము, చిరునామాల పుస్తకము మనిషివి. అవి అతని వెంట నడువవలెను. దగ్గరలోని ప్రింటరు చోటునకు చెందినది. మనిషి చోటు మారినచో అది కూడ మారవలెను. వేగముకొరకు ఉంచుకొన్న నకలు యంత్రమునకు చెందినది. అది పోయినను అసలు ఉన్నంతవరకు నష్టము లేదు. సంస్థ నియమములు సంస్థవి. వాటిని ఏ ఒక్కరును తమ ప్రతిలో మార్చరాదు. ఈ నాలుగింటిని ఒకే మూటలో కట్టినప్పుడెల్ల చిక్కులు పుట్టెను, విడదీసినప్పుడెల్ల తొలగెను.

తరగతిలో విద్యార్థులు ఈ విషయమును కాగితముతోనే పరీక్షించవచ్చును. బల్లమీద నున్న ఒక పట్టికను ఇద్దరు విద్యార్థులు విడివిడిగా ఎత్తి వ్రాసికొని, చెరియొక మార్పు చేసి, ఒకరి తరువాత ఒకరు తమ ప్రతిని తెచ్చి పాత పట్టిక స్థానమున ఉంచవలెను. మొదటివాని మార్పు పోవును. పిమ్మట అదే పనిని, ప్రతి తీయకుండ, పట్టికయున్న బల్ల వద్దకే వచ్చి వ్రాయుచు చేయవలెను. రెండు మార్పులును నిలుచును. కాని ఒకడు వ్రాయునంతసేపు రెండవవాడు నిలువబడి వేచియుండును. మొదటి పద్ధతిలో వేచియుండుట లేదు, మార్పు పోవును. రెండవదానిలో మార్పు పోదు, వేచియుండవలెను. ఏ సర్వరులలోనైనను ఇంజనీరులు నేటికిని ఎంచుకొనుచున్నది ఈ రెంటి నడుమనే.